రాకుమారి వేషం వద్దన్న అమ్మాయికి స్కేటింగ్ ప్రోగ్రామ్ ఎలా తయారు చేసుకోవాలి

రెండు సీజన్ల కిందట ఒక చిన్న ఫిగర్ స్కేటింగ్ పోటీ అయ్యాక మా అమ్మాయితో ఒక జడ్జి ఐదు నిమిషాలు మాట్లాడారు. ఇక్కడ అమెరికాలో కొన్ని పోటీల తర్వాత అలా జడ్జి దగ్గర కూర్చుని మన స్కేటింగ్ గురించి అభిప్రాయం వినొచ్చు. "వేగం బాగుంది, జంపులు బాగున్నాయి, చేతులు ఇంకొంచెం మెత్తగా, ఆడపిల్లలా ఉంటే చూడముచ్చటగా ఉంటుంది" అన్నారావిడ. తిరిగొచ్చేటప్పుడు కారులో అది అడిగింది, "అమ్మా, ఆడపిల్లలా అంటే ఎలా? నేను ఆడపిల్లనే కదా." ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత రూల్స్ చదివాను, పాత వీడియోలు చూశాను, కోచ్‌తో కూర్చున్నాను, ఈ రెండేళ్లలో దానికి నచ్చినట్టు రెండు ప్రోగ్రాములు (పాటకి ఐస్ మీద చేసే ప్రదర్శనలు) తయారు చేసుకున్నాం. డాలస్ అయినా న్యూజెర్సీ అయినా టొరంటో అయినా, తెల్లారకముందే పిల్లని రింక్‌కి తీసుకెళ్లే తెలుగు అమ్మానాన్నలకి, అలాంటి పిల్లలకి పనికొస్తుందని మేము తెలుసుకున్నదంతా రాస్తున్నాను.

ముందు రూల్స్ చదవండి

పాట వెతకడం, బట్టలు కొనడం తర్వాత. మార్కులు దేనికి వేస్తారో తెలియకుండా మొదలుపెడితే ఎవరు ఏమన్నా నిజమే కాబోలు అనుకుంటాం.

జంపులకి, స్పిన్‌లకి, స్టెప్పులకి విడిగా వేసే మార్కులు కాకుండా, మొత్తం ప్రోగ్రామ్‌కి మూడు కాంపొనెంట్ మార్కులు వేస్తారు: కంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్. 2022 దాకా ఇవి ఐదు ఉండేవి. ఒక్కోదానికి 10కి మార్కు, 0.25 చొప్పున పెరుగుతుంది. సీనియర్ మహిళల ఫ్రీ స్కేట్‌లో, అంటే పొడవైన ప్రోగ్రామ్‌లో, దాన్ని 2.67తో, షార్ట్ ప్రోగ్రామ్‌లో 1.33తో గుణిస్తారు. అంటే ఫ్రీలో మూడు కాంపొనెంట్లలోనూ 0.25 చొప్పున పెరిగితే దాదాపు 2 పాయింట్లు, చిన్న సంగతి కాదు. ఇక అసలు విషయం: ఆ మూడింటి కింద ఏం చూడాలో రాసినచోట సంగీతాన్ని పట్టుకోవడం, కదలికల్లో వైవిధ్యం, శక్తిలో హెచ్చుతగ్గులు, ఐస్ మొత్తాన్ని వాడుకోవడం, ఎడ్జ్‌ల (బ్లేడ్ అంచు మీద ఒంపుగా జారడం) స్పష్టత, వేగం, పవర్ ఇలాంటివే ఉంటాయి. సుకుమారం, నాజూకు, ఆడతనం అన్న ఊసే లేదు. ఇది మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి. మాది ఆ పేజీ ప్రింట్ తీసి తన గదిలో అంటించుకుంది.

బట్టల సంగతికొస్తే, హుందాగా ఉండాలి, పోటీకి తగ్గట్టు ఉండాలి, మరీ నాటకాల వేషంలా ఉండకూడదు, పాట స్వభావాన్ని మాత్రం చూపించొచ్చు. మహిళలు స్కర్ట్ వేసుకోవచ్చు, ప్యాంటు వేసుకోవచ్చు, ఒంటికి అతుక్కునే యూనిటార్డ్ కూడా వేసుకోవచ్చు. ఎప్పుడూ ఇలా లేదు. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో డెబీ థామస్ షార్ట్ ప్రోగ్రామ్ యూనిటార్డ్‌లో చేసింది. అదే ఏడాది కాటరీనా విట్ వేసుకున్న ఈకల డ్రెస్ మీద పెద్ద గొడవ జరిగి, నడుము కింది భాగాన్ని కప్పే స్కర్ట్ ఉండి తీరాలని రూల్ పెట్టారు. అది 2004 దాకా నడిచింది. రూల్ పోయిన రెండేళ్లకే, 2006 టురిన్ ఒలింపిక్స్‌లో ఇరీనా స్లుట్స్కయా ప్యాంటులో స్కేట్ చేసి కాంస్యం గెలిచింది. ఈ విభాగం పేరే ‘లేడీస్’ నుంచి ‘విమెన్’గా మారింది 2021లో.

ఈ చరిత్ర పిల్లలకి ఎందుకంటే, ఎవరైనా "ఆడపిల్లలా లేదు" అన్నప్పుడు తప్పు తనలోనే ఉందనుకోకుండా ఉండటానికి. 1902లో మ్యాజ్ సయర్స్ అనే ఆవిడ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మగవాళ్లతో పోటీపడి రెండో స్థానంలో నిలిచింది, ఆడవాళ్లు రాకూడదని రూల్ రాయడం అప్పటికి ఎవరికీ తోచలేదు, ఆ తర్వాత రాసేశారు. 1920లో థెరెసా వెల్డ్ ఒలింపిక్స్‌లో ఒక సాల్‌కావ్ జంప్ చేస్తే స్కర్ట్ ఎగిరిందని, అది స్త్రీలకి తగని పని అని మందలించారు. ఆ చేసింది ఒక్క చుట్టు జంప్. ఇప్పుడు ఆరేళ్ల పిల్లలు చేస్తున్నారు.

పాట: ఒళ్లు ఏం చేస్తుందో చూడండి

చాలామంది ముందు ‘థీమ్’ అనుకుంటారు, యోధురాలు, రాక్ స్టార్, ఇలా ఏదో ఒకటి. తర్వాత దానికి పాట వెతుకుతారు. నా మాట విని అది తిరగేయండి. హాల్లో కార్పెట్ మీద సాక్సులతో పిల్లని నిలబెట్టి పది పాటలు పెట్టండి, స్టెప్పులు వేయమని అడగొద్దు, ఊరికే వినమనండి. ఏ పాటకి భుజాలు వాటంతట అవే కదులుతున్నాయో, దేనికి మోకాళ్లు వంగుతున్నాయో రాసుకోండి. మా అమ్మాయి పియానో పాటలకి బొమ్మలా నిలబడింది. ఫోన్‌లో ఉన్న ఒక డప్పుల వీడియో పెట్టగానే మడమలు లేచాయి.

ఆ వీడియో మేము ఆషాఢంలో సికింద్రాబాద్ వెళ్లినప్పుడు తీసింది. బోనాలు. వీధి నిండా తీన్‌మార్, తల మీద బోనం పెట్టుకుని పూనకంతో ఊగిపోతున్న ఆడవాళ్లు. నెత్తి మీద కుండ, దాని మీద దీపం, మెడ కదలదు, నడుము కింద నుంచి మాత్రం భూమి అదిరేలా అడుగులు. అది అమ్మమ్మ చెయ్యి పట్టుకుని రెప్ప వేయకుండా చూసింది. ఇంటికొచ్చాక, "వాళ్లు కూడా ఆడవాళ్లే కదా, మరి వాళ్లని ఎవరూ మెత్తగా ఉండమనరేం?" అంది. మా ప్రోగ్రామ్ మొదలైంది అక్కడ.

డప్పుతో ఒక చిక్కుంది, రాక్, హిప్‌హాప్ లాంటి ఏ గట్టి బీట్ ఉన్న సంగీతానికైనా అదే చిక్కు. ఐస్ మీద ఒక ఎడ్జ్ పూర్తవడానికి టైమ్ పడుతుంది. ప్రతి దెబ్బకీ అడుగు వేయబోతే పరుగులా కనిపిస్తుంది, గ్లైడ్ పోతుంది, దాంతో స్కేటింగ్ స్కిల్స్ మార్కు కూడా పోతుంది. అందుకని బీట్‌ని సగం వేగంతో లెక్కపెట్టండి, నాలుగు దెబ్బలకి ఒక ఎడ్జ్, మొదటి దెబ్బ మీద ఒక గట్టి ఊనిక, చాలు. రెండో విషయం, మొదటి నుంచి చివరిదాకా వాయింపే ఉంటే జంప్‌కి సిద్ధమయ్యే ఊపిరి దొరకదు, చూసేవాళ్లకి కూడా చెవులు మొద్దుబారిపోతాయి. మేము మొదటి ఇరవై సెకన్లు డప్పు, తర్వాత గొంతు ఆలాపన, అందులో పెద్ద జంపులు, మళ్లీ స్టెప్ సీక్వెన్స్ (వరుసగా వచ్చే అడుగులు, మలుపులు) దగ్గర డప్పు తిరిగొచ్చేలా కత్తిరించాం. ఆ తిరిగి రావడం కోసమే జనం ఎదురుచూస్తారు. సీనియర్ షార్ట్ 2 నిమిషాల 40 సెకన్లు, ఫ్రీ 4 నిమిషాలు, అటూఇటూ 10 సెకన్లు. కింది లెవెల్స్‌కి తక్కువ ఉంటుంది, మీ లెవెల్‌కి ఎంతో కోచ్‌ని అడిగి తెలుసుకోండి. మాటలున్న పాటలు 2014–15 సీజన్ నుంచి సింగిల్స్‌లో వాడుకోవచ్చు కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

చేతులు, భుజాలు, మోకాళ్లు

ఎక్కువ కష్టపడాల్సింది ఇక్కడే, చాలామంది వదిలేసేదీ ఇదే. రాక్ పాట పెట్టుకుంటారు, నల్ల జాకెట్ వేసుకుంటారు, చేతులు మాత్రం హంసల పాటకి కదిలినట్టే కదులుతుంటాయి. అప్పుడు జడ్జికి అది కొత్తగా కనిపించదు, కుదరనట్టు కనిపిస్తుంది.

పిల్లలకి చిన్నప్పుడే ఒక చెయ్యి నేర్పేస్తారు: బొటనవేలు లోపలికి, మధ్యవేలు కొంచెం కిందికి, మణికట్టు మెత్తగా, మోచెయ్యి గుండ్రంగా. అది బ్యాలే చెయ్యి. అందమైనదే, నేను తక్కువ చేయడం లేదు. కానీ అది ఒక శైలి, దాన్నే ఆడతనం అనుకోవడం పొరపాటు. మన కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేస్తే చూసినవాళ్లు ఆ వయ్యారం నేర్చుకుంటే వచ్చే విద్య అని ఒప్పుకుంటారు. నేర్చుకుంటే వచ్చేది కాబట్టి, అవసరం లేనిచోట పక్కన పెట్టొచ్చు కూడా.

మేము ఎలా చేశామంటే, స్టెప్ సీక్వెన్స్‌లో మొదటి ఎనిమిది సెకన్లు మాత్రమే తీసుకున్నాం. రాకర్ అనే ఒంటికాలి మలుపులోకి వెళ్లేముందు ఎడమ భుజం ముందుకి, కుడి మోచెయ్యి వెనక్కి లాగి, పిడికిలి పక్కటెముకల దగ్గర. టర్న్ అవగానే డప్పు దెబ్బ మీద అరచెయ్యి తెరిచి కిందికి నొక్కడం, నేలని అదిమినట్టు. అంతే. ఈ ఎనిమిది సెకన్లకి రెండు వారాలు పట్టింది. ఎందుకంటే దెబ్బ మీద చెయ్యి ఆగిన ప్రతిసారీ వేళ్లు అలవాటుగా మళ్లీ పువ్వులా విచ్చుకునేవి, మధ్యవేలు దానంతట అదే కిందికి దిగేది. వీడియో తీసి, వేగం సగానికి తగ్గించి చూస్తే తప్ప అది దానికి తెలిసేది కాదు. మీరూ అలాగే చూడండి, ఒళ్లంతా కాదు, ఒకరోజు వేళ్లు మాత్రమే, ఇంకో రోజు మెడ, మరో రోజు చూపు. చూపు ఐస్ మీదికి వాలిందంటే ఎంత గట్టి కదలికైనా నీరుగారిపోతుంది.

ఐస్ బయట ఒక క్లాస్ పెట్టించండి, హిప్‌హాప్, కూచిపూడి, కర్రసాము, మీ ఊళ్లో ఏది దొరికితే అది. బరువు కిందికి దించి నిలబడటం అక్కడ వస్తుంది.

ఇవన్నీ నిలబడేది మోకాళ్ల మీద. మోకాలు లోతుగా వంగితేనే పవర్, పవర్ ఉంటేనే చేతులు గట్టిగా చేసినా దబాయించినట్టు కాకుండా నిజంగా అనిపిస్తాయి. ఇది నాకు జపాన్ స్కేటర్ సకమోటో కవోరిని చూసి అర్థమైంది. 2022, 2023, 2024 వరుసగా మూడేళ్లు ప్రపంచ ఛాంపియన్, పెగ్గీ ఫ్లెమింగ్ 1966–68లో చేశాక మహిళల్లో మళ్లీ ఎవరూ చేయలేదు. ట్రిపుల్ ఆక్సెల్ (మూడున్నర చుట్ల జంప్) లేదు, క్వాడ్ (నాలుగు చుట్ల జంప్) లేదు. గాజుబొమ్మలా ఉండదు, అలా ఉండాలని ప్రయత్నించదు కూడా. ఆమె డబుల్ ఆక్సెల్ చూడండి, రింక్‌లో సగం దూరం ఎగిరినట్టు ఉంటుంది, దిగాక వేగం తగ్గదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన ఆ ఫ్రీ ప్రోగ్రామ్‌ని బెన్వా రిషార్ తీర్చిదిద్దాడు, ఆడవాళ్ల గురించి తీసిన ఒక డాక్యుమెంటరీ సంగీతంతో, అందులో మాటలు కూడా వినిపిస్తాయి. బలమే అందంగా ఉన్న ప్రోగ్రామ్ అది. "జడ్జిలు నాజూకుకే మార్కులు వేస్తారు" అనేవాళ్లకి నేను చూపించేది దీన్నే.

సూర్యా బొనాలీ కథ మాత్రం పిల్లలకి జాగ్రత్తగా చెప్పాలి. ఐదుసార్లు యూరప్ ఛాంపియన్, మూడుసార్లు ప్రపంచ రజతం. జిమ్నాస్టిక్స్ నుంచి వచ్చిన నల్లజాతి ఫ్రెంచ్ అమ్మాయి, అప్పటి ‘ఐస్ రాకుమారి’ మూసలో పట్టలేదు. 1994లో జపాన్‌లోని చిబాలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో యూకా సాటోకి 5–4 జడ్జిల తేడాతో స్వర్ణం పోతే పోడియం ఎక్కడానికి ఇష్టపడలేదు, మెళ్లో వేసిన పతకం తీసేసింది. ఆమెకి అన్యాయం జరిగిందనే చాలామంది అంటారు. ఆమెని చూసిన చూపులో అన్యాయం ఉందని నేనూ నమ్ముతాను, అయితే ఆ రోజు సాటో ఎడ్జ్‌లు చూస్తే నోట మాట రాదు, ఆ గెలుపు కూడా నిజమైనదే. రెండూ చెప్పాలి పిల్లలకి. 1998 నగానో ఒలింపిక్స్‌లో, గాయంతో ఇక పతకం రాదని తెలిశాక, బొనాలీ నిషేధం ఉన్న బ్యాక్‌ఫ్లిప్ కొట్టి ఒంటికాలి మీద దిగింది, జడ్జిలకి వీపు చూపిస్తూ ముగించింది. పదో స్థానం వచ్చింది. ఆ నిషేధం 2024లో ఎత్తేశారు. ఒంటికాలి మీద దిగిన ఆ క్షణాన్ని ఆపి ఆపి చూడండి, వెనక్కి జారుతున్న ఆ ఎడ్జ్ ఎంత నిలకడగా ఉందో.

కోరియో సీక్వెన్స్‌ని వృథా చేయొద్దు

సీనియర్ ఫ్రీలో కోరియోగ్రాఫిక్ సీక్వెన్స్ అని ఒకటి ఉంటుంది. దానికి లెవెల్స్ (కష్టాన్ని బట్టి ఇచ్చే స్థాయిలు) లేవు, బేస్ వాల్యూ, అంటే మొదట ఇచ్చే విలువ, 3.00, మిగతాది ఎంత బాగా చేశారన్నదాని మీదే. స్పైరల్ (ఒక కాలు ఎత్తి జారడం), ఈనా బౌవర్, స్ప్రెడ్ ఈగిల్ (ఈ రెండూ రెండు కాళ్ల మీద జారే భంగిమలు), హైడ్రోబ్లేడింగ్, చిన్న జంపులు, వీటిలో కనీసం రెండు వేర్వేరు కదలికలు ఉంటే చాలు. ఆడపిల్లలంటే స్పైరల్ తప్పనిసరి అన్న కాలం ఒకటి ఉండేది, 2010 దాకా మహిళల షార్ట్‌లో స్పైరల్ సీక్వెన్స్ చేసి తీరాలి. ఇప్పుడు లేదు. మీ అమ్మాయికి ఒళ్లు విల్లులా వంగకపోతే బాధపడకండి, ఒళ్లు ఐస్‌కి ఆనించినట్టు వాల్చి చేసే హైడ్రోబ్లేడింగ్ పెట్టండి. మాది అదే చేసింది. గ్లవ్ ఐస్‌ని రాసుకుంటూ సర్రుమన్న చప్పుడు మూడో వరుసలో కూర్చున్న నాకు వినిపించింది.

బట్టలు

ప్యాంటు వేసుకోవాలనుకుంటే కొన్ని సంగతులు ముందే తెలుసుకోండి, మేము ఖర్చు పెట్టాక తెలుసుకున్నాం. అన్ని వైపులా సాగే లైక్రా గుడ్డే కావాలి. ప్యాంటు అంచు బూటు మీదికి వచ్చి, కింద ఎలాస్టిక్ పట్టీతో బ్లేడ్‌కి ముందు వెనక ఉన్న సందులోంచి బిగించాలి, లేకపోతే మడమ దగ్గర గుడ్డ బ్లేడ్ కింద పడి పిల్ల పడిపోతుంది. నల్ల ప్యాంటు, తెల్ల బూటు కలిపితే కాలు చీలమండ దగ్గర తెగినట్టు కనిపిస్తుంది, కాబట్టి బూటు కప్పేలా కుట్టించండి. తెల్లటి ఐస్ మీద నల్ల కాలు ఎంత స్పష్టంగా కనిపిస్తుందంటే, వెనక మోకాలు కొంచెం వంగినా దాగదు. ఇంకొకటి, కాలు పట్టుకుని తిరిగే స్పిన్‌లలో నున్నటి గుడ్డ మీద చెయ్యి జారుతుంది, ఆ బట్టలతోనే ప్రాక్టీస్ చేయాలి, పోటీకి ముందు కనీసం మూడుసార్లు ప్రోగ్రామ్ మొత్తం.

మేము పసుపు రంగు టాప్, అంచుకి వేపాకు పచ్చ, నల్ల ప్యాంటు పెట్టాం. గజ్జెలు కట్టుకుంటానంది, మొహానికి పసుపు రాసుకుంటానంది, రెండూ వద్దన్నాను. చేతిలో వస్తువు, అలంకార సామాను వాడకూడదు, ఒక పాయింట్ పోతుంది. ఒంటి మీది పూస ఊడి ఐస్ మీద పడ్డా ఒక పాయింట్ పోవచ్చు, తర్వాత వచ్చే పిల్ల బ్లేడ్ కింద పడితే ప్రమాదం కూడా. అలాంటి సరదాలు క్లబ్ షోలో తీర్చుకోవచ్చు, అక్కడ ఈ రూల్స్ ఉండవు. నిజానికి కొత్త శైలిని మొదట క్లబ్ షోలో పెట్టి చూడటమే మంచిది, టెన్షన్ తక్కువ.

మా అమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. వీడియో కాల్‌లో చూసి, "మంచిగున్నది బిడ్డా, కాళ్లకు సలి పెట్టదు" అంది.

ప్యాంటు వేసుకుంటేనే కొత్తదనం అని కూడా అనుకోకండి. అమెరికా స్కేటర్ అలీసా లియూని చూడండి. 16 ఏళ్లకి స్కేటింగ్ వదిలేసింది, తిరిగొచ్చేటప్పుడు పాట, డ్రెస్, ప్రోగ్రామ్ అన్నీ తన ఇష్టమే అని చెప్పి వచ్చింది. 2025లో బోస్టన్‌లో ప్రపంచ ఛాంపియన్, 2026 మిలాన్‌లో ఒలింపిక్ స్వర్ణం. మిలాన్ ఫ్రీలో వేసుకున్నది తళతళలాడే బంగారు రంగు డ్రెస్, స్కర్ట్‌తోనే. జుట్టుకి చెట్టు కాండంలో వలయాల్లా చారలు, డోనా సమ్మర్ డిస్కో పాట, మొహం నిండా నవ్వు. మీ అమ్మాయికి తళుకులంటే ఇష్టమై, చేతులు మెత్తగానే ఉండాలనిపిస్తే ఉండనివ్వండి. ఇష్టం తనదా కాదా అన్నది ఒక్కటే అడగండి.

కోచ్‌తో, మార్కుల షీట్‌తో

కోచ్‌తో మాట్లాడేటప్పుడు "మాకు డిఫరెంట్‌గా కావాలి" అంటే ఆ మాట గాల్లో పోతుంది. పాట, ఎనిమిది సెకన్ల వీడియో పట్టుకెళ్లి, "ఇది స్టెప్ సీక్వెన్స్‌లో పెడితే లెవెల్ పోతుందా?" అని అడగండి. మాట టర్న్‌ల మీదికి, ఎడ్జ్‌ల మీదికి మళ్లుతుంది, అక్కడ కోచ్‌కి తెలిసినంత మనకి తెలియదు. మా కోచ్ మొదట ఒప్పుకోలేదు, ఆ వీడియో రెండోసారి చూశాక, "ఈ భుజం ఇంకా ముందు రావాలి" అంటూ ఐస్ మీదికి దిగారు.

పోటీ అయ్యాక మార్కుల షీట్ ఇలా చదవండి. ప్రెజెంటేషన్ ఒక్క జడ్జి దగ్గరే తక్కువగా ఉండి మిగతావాళ్లు బాగా వేస్తే అది అభిరుచి, వదిలేయండి. అందరి దగ్గరా తక్కువగా ఉంటే, శైలిని నిందించే ముందు పక్కనున్న స్కేటింగ్ స్కిల్స్ చూడండి. అదీ తక్కువే అయితే సమస్య మోకాళ్లలో ఉంది, ఇంకో నెల ఎడ్జ్‌లు చేయించండి. స్కిల్స్ బాగుండి ప్రెజెంటేషన్ ఒక్కటే పడిపోతే మాత్రం వీడియో చూడండి, ఎక్కడో పిల్ల భయపడి సగంలో మళ్లీ పాత చేతుల్లోకి జారుకుని ఉంటుంది. మాకు మొదటి పోటీలో అదే జరిగింది, రెండో జంప్ పడ్డాక డప్పు తిరిగొచ్చేసరికి పిడికిలి విప్పేసింది. తర్వాతి పోటీకి ఆ ఒక్క చోటే ఇరవైసార్లు చేసింది, కావాలని పడి, లేచి, పిడికిలి బిగించి, డప్పు దగ్గర నుంచి మళ్లీ.